జబ్బు ఎందుకొచ్చిందో తెలియాలంటే ముందు తేదీలు చూడాలి

విశాఖలో ఏ ఆసుపత్రి ఓపీ దగ్గర కాసేపు కూర్చున్నా, అది కేజీహెచ్ కావచ్చు, గాజువాకలో వీధి చివరి క్లినిక్ కావచ్చు, వినపడే మాటలు ఒకే తీరుగా ఉంటాయి. "నిన్న బీచ్‌లో మురీ మిక్చర్ తిన్నాడండి, ఇవాళ చూస్తే కళ్లు పచ్చగా ఉన్నాయి." "వానలో తడిసిందండి, అందుకే జ్వరం పట్టుకుంది." "మొన్న సింహాచలంలో పెళ్లికి వెళ్లొచ్చాం, అక్కడి భోజనమే పడలేదు." జబ్బు బయటపడిన రోజు నుంచి ఒకటి రెండు రోజులు వెనక్కి వెళ్లి, అక్కడ మామూలుకు భిన్నంగా ఏది కనిపిస్తే దాన్నే కారణం చేసేస్తాం. ఇందులో చదువుకున్నవాళ్లు, చదువుకోనివాళ్లు అన్న తేడా లేదు. కారణం తెలిస్తే తప్ప మనిషికి మనసు కుదుటపడదు, పైగా ఈమధ్య జరిగిందే బాగా గుర్తుంటుంది.

చిక్కేమిటంటే, అంటువ్యాధుల్లో చాలావాటికి క్రిమి ఒంట్లోకి దూరిన రోజుకీ మనిషి మంచం ఎక్కే రోజుకీ మధ్య కొంత గడువు ఉంటుంది. డాక్టర్లు దీన్ని ఇంక్యుబేషన్ పీరియడ్ అంటారు. ఒక్కో జబ్బుకు ఒక్కో గడువు. పెళ్లిలో మధ్యాహ్నం తిని సాయంత్రానికి నలుగురూ వాంతులు చేసుకుంటే ఆ భోజనాన్ని అనుమానించడం న్యాయమే, ఎందుకంటే స్టెఫిలోకాకస్ లాంటి బ్యాక్టీరియా ఆహారంలో ముందే విషం తయారుచేసి ఉంచుతుంది, అది 1 నుంచి 6 గంటల్లోనే పనిచేస్తుంది. డెంగీకి దోమ కుట్టాక 4 నుంచి 10 రోజులు పడుతుంది. ఆటలమ్మకు 10 నుంచి 21 రోజులు, టైఫాయిడ్‌కు వారం నుంచి మూడు వారాలు, హెపటైటిస్-ఎ కామెర్లకు 15 నుంచి 50 రోజులు. అంటే ఇవాళ కళ్లు పచ్చబడ్డ కుర్రాడి విషయంలో నిన్నటి మురీ మిక్చర్ ఏ పాపమూ ఎరగదు, నెల కిందట అతను ఎక్కడ ఏం తాగాడో చూడాలి. అది ఎవరికీ గుర్తుండదు కాబట్టి దగ్గర్లో ఉన్న బండివాడి మీద పడుతుంది నింద.

ఇదే పొరపాటు రెండో కొసలోనూ జరుగుతుంది. జబ్బు తగ్గేముందు చివరిగా ఏ మందు వేసుకుంటే, లేదా ఏ ఆకు తింటే, మార్కులన్నీ దానికే వేస్తాం. కాకి వాలింది, తాటిపండు రాలింది, కాకే రాల్చింది అన్నట్టు. జబ్బుల గురించి జనం అడిగే ప్రశ్నల్లో చాలావాటికి జవాబు ఈ రెండు కొసల మధ్య తేదీలు సరిగ్గా పరిస్తే దొరుకుతుంది.

కామెర్లు, పసరు మందు

పచ్చకామెర్లను మనం జబ్బు పేరుగా వాడతాం గానీ నిజానికి అది ఒక లక్షణం. రక్తంలో బిలిరుబిన్ అనే పసుపు పదార్థం పేరుకుంటే కళ్లు, చర్మం పచ్చబడతాయి, మూత్రం ముదురు రంగులో వస్తుంది. పేరుకోవడానికి కారణాలు బోలెడు: కాలేయానికి వైరస్ సోకడం, పిత్తనాళంలో రాయి అడ్డుపడటం, మద్యం, కొన్నిరకాల మందులు, ఎర్రరక్తకణాలు అతిగా విరిగిపోవడం, ముదిరిన మలేరియా. అయితే ఒకే వీధిలో కొద్ది రోజుల తేడాతో పదిమందికి వచ్చాయంటే మొదట అనుమానించాల్సింది హెపటైటిస్-ఎ, హెపటైటిస్-ఇ వైరస్‌లనే, అంటే తాగేనీళ్లనే.

కొళాయి రోజుకు కాసేపే వచ్చే చోట ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా చూస్తే సంగతి అర్థమవుతుంది. నీళ్లు ఆగిపోయాక పైపులో ఒత్తిడి పడిపోతుంది. ఆ పైపు గెడ్డ పక్కనుంచో, కాలువ అడుగునుంచో వెళ్తూ, అతుకు దగ్గర సన్నటి పగులు ఉంటే చాలు, బయటి మురుగు లోపలికి లాగేసుకుంటుంది. మర్నాడు నీళ్లు వదలగానే మొదటి బిందెలో వచ్చేది అదే. రంగు తేరుకున్నాక పట్టుకుంటే సరిపోతుందని అందరూ అనుకుంటారు, కానీ వైరస్‌కు రంగూ వాసనా ఉండవు. కాచి చల్లార్చిన నీళ్లు తాగమని చెప్పేది ఇందుకే.

ఈ గడువు సంగతి పెద్ద ఎత్తున కనిపించింది 1955లో ఢిల్లీలో. యమునకు వరదొచ్చి నది దారి మారడంతో నజఫ్‌గఢ్ మురుగు కాలువ నీళ్లు వజీరాబాద్ దగ్గర నగరానికి నీళ్లు తోడే చోటికి చేరాయి. నీళ్లు చెడింది నవంబరులో, జనం కామెర్లతో పడిపోయింది డిసెంబరు, జనవరి నెలల్లో, దాదాపు 29 వేల మంది. అధికారులు మురుగు కలిసిందని గమనించి క్లోరిన్ మోతాదు పెంచారు కూడా, దాంతో టైఫాయిడ్, విరేచనాలు పెరగలేదు గానీ వైరస్ మాత్రం తప్పించుకుంది. అది హెపటైటిస్-ఇ అని దాచి ఉంచిన రక్త నమూనాల వల్ల చాలా ఏళ్ల తర్వాత తేలింది. ఈ వైరస్ మామూలు మనిషిని కొన్ని వారాలు నీరసపెట్టి వదిలేస్తుంది, కానీ చివరి మూడు నెలల గర్భిణులకు సోకితే వందలో 20 నుంచి 25 మంది దాకా చనిపోయే ప్రమాదం ఉంది. ఇంట్లో గర్భిణి ఉంటే నీళ్ల విషయంలో ఏ మాత్రం మొహమాటపడకూడదు, చుట్టాలింటికి వెళ్లినా సరే.

ఇక మందు సంగతి. ఉత్తరాంధ్రలో ఏ ఊరికెళ్లినా కామెర్లకు పసరు పోసేవాళ్లు ఒకరుంటారు, కొన్నిచోట్ల వాతలు కూడా పెడతారు. తగ్గిందని సాక్ష్యం చెప్పేవాళ్లు వందల్లో ఉంటారు, వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. హెపటైటిస్-ఎ, ఇ రెండూ ఎక్కువమందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి. కళ్లు పచ్చబడేసరికే జబ్బు సగం దారి దాటి ఉంటుంది, అప్పుడు పసరు పోస్తే రెండు మూడు వారాల్లో తగ్గడం ఖాయం, పోయకపోయినా ఖాయమే. అసలు నష్టం ఎక్కడంటే, కొందరికి అది హెపటైటిస్-బి అయి ఉండొచ్చు, పిత్తనాళంలో రాయో గడ్డో అయి ఉండొచ్చు. వాళ్లకు పసరు పోసే ఆ మూడు వారాలే ప్రాణం మీదికి వస్తాయి. కొన్ని నాటు మందులు కాలేయాన్ని ఇంకా పాడుచేస్తాయి కూడా. దీనికి తోడు పథ్యం పేరుతో నూనె, పప్పు, ఉప్పు అన్నీ మానిపించి మనిషిని ఎండగడతారు. కాలేయం కోలుకోవడానికి తిండి కావాలి, సయించినంత వరకు ఇంటి భోజనం పెట్టడమే మంచిది. బిలిరుబిన్, కాలేయ ఎంజైములు, హెపటైటిస్-బి పరీక్ష, అవసరమైతే కడుపు స్కానింగ్, వీటితో ఏ రకం కామెర్లో తేలిపోతుంది.

అక్కి విషయంలోనూ ఇదే కథ. నడుముకో ఛాతీకో ఒకవైపు మాత్రమే పట్టీలా పొక్కులు లేచి మంటెత్తిపోతుంటే, జేగురు మట్టితో బొమ్మ రాయించుకోవడం మన పల్లెల్లో పాత ఆచారం. రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గుతుంది, రాసినా రాయకపోయినా. అక్కి వచ్చేది చిన్నప్పుడు ఆటలమ్మ పోసిన వైరస్ వల్లే. అది అప్పుడు పూర్తిగా పోలేదు, నరాల మొదళ్లలో దాక్కుని నలభై, యాభై ఏళ్ల తర్వాత, ఒంట్లో సత్తువ తగ్గినప్పుడు, లేచింది. ఇంతకంటే పాత తేదీ ఉన్న కారణం అంటువ్యాధుల్లో అరుదు. పొక్కులు లేచిన 72 గంటల్లో ఎసైక్లోవిర్ రకం మందులు మొదలుపెడితే బాగా పనిచేస్తాయి, ఆ తర్వాత పట్టు తగ్గుతుంది. నుదుటి మీద, కంటి దగ్గర లేస్తే చూపుకే ప్రమాదం, అప్పుడు బొమ్మల కోసం ఒక్క రోజు కూడా పోగొట్టుకోకూడదు.

రెండో రోజుకే టైఫాయిడ్ ఎలా తేలుతుంది?

తేలదు. జ్వరం వచ్చిన మర్నాడే రక్తపరీక్ష చేయించి, "టైఫాయిడ్ కౌంట్ ఎక్కువగా ఉందట" అని చెప్పి, సెలైన్ బాటిల్ ఎక్కించి, వారం రోజుల ఇంజెక్షన్లు మొదలుపెట్టడం మన దగ్గర ఎంత మామూలైపోయిందో అందరికీ తెలుసు. ఆ పరీక్ష పేరు విడాల్, 1896 నాటిది. అది వెతికేది క్రిమిని కాదు, క్రిమి మీద ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీలను. అవి చాలినంత తయారవ్వడానికే వారం పడుతుంది. రెండో రోజు పాజిటివ్ వచ్చిందంటే ఎప్పుడో వచ్చిన జ్వరం తాలూకు యాంటీబాడీలో, వేరే ఇన్ఫెక్షన్ వల్ల కలిగిన గందరగోళమో అయ్యే అవకాశమే ఎక్కువ. నీళ్లు అంత శుభ్రంగా లేని ఊళ్లో పెరిగిన వాళ్ల రక్తంలో ఎంతో కొంత పాత గుర్తు ఉండటం వింతేమీ కాదు. మొదటి వారంలో నమ్మదగ్గ పరీక్ష బ్లడ్ కల్చర్, అంటే రక్తంలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూడటం, అది కూడా యాంటీబయాటిక్ పడకముందు తీస్తేనే.

ఈ తొందర వల్ల తప్పిపోయే జబ్బుల్లో ఒకదాని గురించి గట్టిగా చెప్పుకోవాలి, స్క్రబ్ టైఫస్. పేరు దగ్గరగా ఉన్నా టైఫాయిడ్‌కూ దీనికీ సంబంధం లేదు. పొదల్లో, గడ్డిలో ఉండే కంటికి సరిగ్గా ఆనని నల్లిలాంటి పురుగు పిల్ల కుడితే వస్తుంది. కొండలూ పొదలూ కాలనీల మధ్యలోకే వచ్చిన విశాఖ లాంటి ఊళ్లో ఇది ఎక్కడో అడవి జబ్బు అనుకోవడానికి వీల్లేదు. కుట్టిన చోట సిగరెట్‌తో కాల్చినట్టు చిన్న నల్లటి పెచ్చు కడుతుంది, నొప్పీ ఉండదు, దురదా ఉండదు, పైగా చంకలో, గజ్జల్లో, నడుం పట్టీ కింద, రొమ్ము కింద దాక్కుంటుంది కాబట్టి రోగికే తెలియదు. జ్వరం మొదలయ్యేది కుట్టిన దాదాపు పది రోజులకు, అప్పటికి తోటలో కూర్చున్న సంగతే మరిచిపోయి ఉంటారు. టైఫాయిడ్‌కు ఇచ్చే సెఫ్‌ట్రయాక్సోన్ ఇంజెక్షన్ దీనిమీద పనిచేయదు. డాక్సీసైక్లిన్ అనే చవక మాత్ర పడితే మాత్రం రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది, ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతింటాయి. ఐదారు రోజులైనా తగ్గని జ్వరంతో ఉన్న మనిషిని ఒళ్లంతా ఒకసారి వెతికి చూడమని ఇంట్లోవాళ్లే డాక్టర్‌ను అడగొచ్చు, అందులో తప్పేం లేదు.

ఏ దోమకు ఏ నీళ్లు

"కాలువ తీయట్లేదు, అందుకే డెంగీ" అనే ఫిర్యాదు వానాకాలంలో ప్రతి వార్డులోనూ వినిపిస్తుంది. కాలువ తీయించాల్సిందే, సందేహం లేదు, కానీ డెంగీ దోమ మురుక్కాలువలో పెరగదు. కాళ్ల మీద తెల్ల చారలుండే ఎడిస్ దోమ మంచి నీళ్లనే వెతుక్కుంటుంది, పగటిపూట కుడుతుంది. కొళాయి మళ్లీ ఎప్పుడొస్తుందో అని నింపి పెట్టుకున్న డ్రమ్ములు, మేడమీద పడేసిన టైర్లు, ఫ్రిజ్ వెనక ట్రే, పూలకుండీ కింద పళ్లెం, బీచ్ రోడ్డులో గుట్టపడిన కొబ్బరిబొండాల డొక్కలు, ఇవీ దాని ఇళ్లు. గుడ్లు ఎండిపోయి కూడా నెలల తరబడి బతికి ఉండి, నీళ్లు తగలగానే పొదుగుతాయి, అందుకే డ్రమ్ము ఒంపేస్తే చాలదు, గోడలు రుద్ది కడగాలి. గుడ్డు నుంచి దోమ అవ్వడానికి వారం పైనే పడుతుంది కాబట్టి వారానికోసారి ఎండబెట్టమంటారు. కార్పొరేషన్ వాళ్ల ఫ్రైడే డ్రైడే నినాదం వెనక లెక్క ఇదే, అందులో బోలెడంత సైన్సు ఉంది, గోడ మీద రాతగా కొట్టిపారేయడం అన్యాయం.

గెడ్డల్లో, మురుక్కాలువల్లో పెరిగేది క్యూలెక్స్ దోమ. అది తెచ్చేది ఫైలేరియా, అంటే బోదకాలు. ఉత్తరాంధ్ర తీరానికి ఇది కొత్త కాదు. దీనికి కారణమైన సూక్ష్మమైన పురుగు పిల్లలు పగలు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాక్కుని, రాత్రి పది దాటాక బయటి రక్తంలోకి వస్తాయి, సరిగ్గా క్యూలెక్స్ కుట్టే వేళకు. అందుకే ఆరోగ్య సిబ్బంది రాత్రిపూట తలుపు తట్టి వేలు పొడిచి రక్తం తీస్తారు, పగలు తీస్తే ఏమీ కనపడకపోవచ్చు. ఒక దోమ కుట్టగానే కాలు వాయదు, నెలల తరబడి వందలసార్లు కుట్టించుకున్నాక, ఏళ్లు గడిచాక వాపు కనిపిస్తుంది. వాపు వచ్చాక మందు వేసుకున్నా పాత కాలు తిరిగిరాదు, కాబట్టి ఏమీ లేనప్పుడే మాత్రలు మింగమంటారు. ఆ మాత్రల్లో ఒకటైన డైఇథైల్ కార్బమజైన్, అంటే హెట్రజాన్, 1940ల్లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన బృందం తయారుచేసింది. తెలుగువాడు తెచ్చిన మందును తెలుగు వీధుల్లోనే డస్ట్‌బిన్‌లో వేయడం చూస్తే బాధేస్తుంది.

డెంగీలో జనం టెన్షనంతా ప్లేట్‌లెట్ల మీదే ఉంటుంది. అసలు ప్రమాదం రక్తనాళాల నుంచి నీరు ఊరిపోయి బీపీ పడిపోవడంలో ఉంది, అది జరిగేది జ్వరం తగ్గే సమయంలో, మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య. జ్వరం పోయింది కదా అని అందరూ ఊపిరి పీల్చుకునే రోజే జాగ్రత్తగా ఉండాల్సిన రోజు. కడుపులో నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగతగా పడుకోవడం, మూత్రం తగ్గడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ప్లేట్‌లెట్లు వారం దాటాక వాటంతటవే పెరుగుతాయి. సరిగ్గా అప్పటికే బొప్పాయి ఆకు రసం మొదలుపెట్టి ఉంటారు కాబట్టి కీర్తి దానికి పోతుంది. ఆ రసంతో లెక్క కాస్త తొందరగా పెరిగినట్టు కొన్ని చిన్న పరీక్షల్లో కనిపించినా, ప్రాణాపాయం తగ్గుతుందని తేలలేదు. ఒళ్లు నొప్పులకు పారాసిటమాల్ ఒక్కటే వాడాలి, ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ జోలికి పోకూడదు.

కుక్క కాటు విషయంలో మాత్రం ఈ గడువే మనల్ని కాపాడుతుంది. రేబిస్ వైరస్ నరాల వెంట మెల్లగా పైకి పాకుతూ మెదడు చేరడానికి సాధారణంగా ఒకటి నుంచి మూడు నెలలు తీసుకుంటుంది కాబట్టే కరిచిన తర్వాత వేసే టీకా దాన్ని అందుకోగలుగుతుంది. 1885లో పాశ్చర్ జోసెఫ్ మైస్టర్ అనే పిల్లవాడికి వేసింది కూడా కరిచాకే. లక్షణాలు మొదలైతే ఇక దాదాపు ఏ మందూ లేదు. గాయాన్ని 15 నిమిషాల పాటు సబ్బుతో, కొళాయి ధార కింద కడగాలి, పసుపూ కారమూ పెట్టకూడదు, అదే రోజు టీకాకు వెళ్లాలి, లోతు గాయమైతే గాయంలోనే వేసే ఇమ్యునోగ్లోబులిన్, అంటే ముందే తయారుగా ఉన్న యాంటీబాడీల మందు, గురించి అడగాలి.

అందరికీ రాకుండా నాకే ఎందుకు?

ఇది మనసు కష్టంతో అడిగే ప్రశ్న. క్రిమి పేరు చెబితే దీనికి జవాబు చెప్పినట్టు కాదు. టీబీని చూడండి. దాన్ని కలిగించే బ్యాక్టీరియాను రాబర్ట్ కాక్ 1882 మార్చి 24న ప్రపంచానికి చూపించాడు. అయినా ఆ బ్యాక్టీరియా ఒంట్లో చేరిన వందమందిలో జీవితకాలం మొత్తంలో జబ్బు పడేది 5 నుంచి 10 మందే. మిగిలినవాళ్లలో అది నిద్రపోతూనే ఉండిపోతుంది. ఎవరిలో లేస్తుందంటే, తిండి చాలనివాళ్లలో, షుగర్ అదుపులో లేనివాళ్లలో, పొగ తాగేవాళ్లలో, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో. ఝార్ఖండ్‌లో టీబీ రోగుల కుటుంబాలకు సరుకులు, విటమిన్లు అదనంగా ఇచ్చి చూసిన పరిశోధన ఫలితాలు 2023లో వచ్చాయి, ఆ ఇళ్లలో కొత్తగా టీబీ పడేవాళ్లు దాదాపు 39 శాతం తగ్గారు. అంటే పళ్లెంలో పప్పు, గుడ్డు లేకపోవడం కూడా టీబీకి ఒక కారణమే, బ్యాక్టీరియా ఎంత కారణమో అంత. టీబీ రోగులకు నెలకు 1,000 రూపాయలు పోషణ కోసం సర్కారు వేస్తున్నది దానికే, ఆ డబ్బు తిండికే ఖర్చయ్యేలా ఇంట్లోవాళ్లు చూసుకోవాలి. ఇది వంశపారంపర్యం కాదు. ఒక ఇంట్లో ఇద్దరు ముగ్గురికి వస్తే దానికి కారణం ఒకే గాలి, ఒకే గది, ఒకే పేదరికం.

తల్లిదండ్రుల నుంచి రక్తంలోనే వచ్చే జబ్బులు వేరు. పాడేరు, అరకు ఏజెన్సీలో కనిపించే సికిల్ సెల్, అంటే ఎర్రరక్తకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు, అలాంటిది. తల్లిదండ్రులిద్దరిలోనూ ఆ జన్యువు ఒక్కొక్కటి ఉంటే ప్రతి కాన్పులో బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. ఒక్కటే జన్యువు ఉన్నవాళ్లకు సాధారణంగా జబ్బు ఉండదు సరికదా, ప్రాణాంతకమైన ఫాల్సిపారం మలేరియా నుంచి కొంత రక్షణ దొరుకుతుంది. ఆంథొనీ అలిసన్ 1954లో ఆఫ్రికాలో ఇది చూపించాడు. మలేరియా తరతరాలుగా ఉన్న చోట్లే ఆ జన్యువు నిలబడింది. ఇది ఎవరి పాపమూ కాదు, శాపమూ కాదు. పెళ్లికి ముందు ఇద్దరూ రక్తపరీక్ష చేయించుకుంటే సరిపోతుంది.

ఇదే వరసలో వచ్చే ఇంకో ప్రశ్న మేనరికం. బావామరదళ్లు తమ జన్యువుల్లో ఎనిమిదో వంతు పంచుకుంటారు, మేనమామ, మేనకోడలు నాలుగో వంతు. ఏ జంటకైనా పుట్టే బిడ్డలో అవకరం ఉండే అవకాశం 2, 3 శాతం ఉంటుంది, బావామరదళ్ల పెళ్లిలో అది సుమారు రెట్టింపవుతుంది. అంటే మేనరికం చేసుకున్నవాళ్లలో కూడా ఎక్కువమంది పిల్లలు ఆరోగ్యంగానే పుడతారు, అందుకే "మా తాతలనాటి నుంచి చేసుకుంటున్నాం, ఏమైంది?" అనే మాట నిలబడుతూ వస్తోంది. కానీ ఒక కుటుంబంలో ఇప్పటికే చెవుడో, రక్తజబ్బో, చిన్నతనంలో చనిపోయిన పిల్లలో ఉంటే ఆ లెక్క వేరు, అక్కడ మళ్లీ మేనరికం కలపడం బిడ్డకు అన్యాయం చేయడమే.

కారం, పంచదార గురించి క్లుప్తంగా. కడుపులో అల్సర్‌కు ముఖ్యమైన కారణాలు రెండు, హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా, తెగ మింగే నొప్పిమాత్రలు. బ్యారీ మార్షల్ అనే ఆస్ట్రేలియా డాక్టర్ 1984లో ఆ బ్యాక్టీరియాను తనే తాగి కడుపు పూత తెచ్చుకుని చూపించాడు, 2005లో రాబిన్ వారెన్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు. ఆవకాయ ఉన్న మంటను పెంచవచ్చు గానీ పుండును పుట్టించదు. షుగర్ విషయంలో పంచదార ఒక్కదాని మీదే నింద వేసి మూడు పూటలా పళ్లెం నిండా తెల్లన్నం తినడం మనల్ని మనం మభ్యపెట్టుకోవడమే, అన్నం కూడా ఒంట్లోకి వెళ్లి గ్లూకోజే అవుతుంది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం 2023లో ఇచ్చిన లెక్క ప్రకారం దేశంలో 10 కోట్లకు పైగా జనానికి షుగర్ ఉంది. వంశం, నడుం చుట్టూ కొవ్వు, కదలిక లేకపోవడం, పిండిపదార్థం, ఇవన్నీ కలిసి పదేళ్లు పనిచేస్తే బయటపడే జబ్బది.

అడ్డపొగ, పోర్టు దుమ్ము

కారణాన్ని ఎలా నిరూపిస్తారనడానికి ఈ తీరంలోనే దొరికే ఉదాహరణ అడ్డపొగ. శ్రీకాకుళం నుంచి విశాఖ దాకా పల్లెల్లో, ముఖ్యంగా మత్స్యకార వీధుల్లో, పెద్ద వయసు ఆడవాళ్లు చుట్టను నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు. గాలికి ఆరిపోదు, చుట్ట ఎక్కువసేపు వస్తుంది, చేతులు పనిలో ఉండొచ్చు. అలా ఏళ్ల తరబడి కాల్చిన మనిషి నోరు తెరిపించి టార్చి వేసి చూస్తే అంగిలి గులాబీ రంగులో ఉండదు, తెల్లగా మందంగా, మధ్యమధ్య ఎర్ర చుక్కలతో, అక్కడక్కడ పగుళ్లతో ఉంటుంది. మామూలు పొగతాగేవాళ్లలో గట్టి అంగిలికి క్యాన్సర్ రావడం చాలా అరుదు, ఇక్కడి అడ్డపొగ వాళ్లలో మాత్రం సరిగ్గా నిప్పు తగిలే ఆ చోటే వస్తోంది. కోస్తాంధ్ర అంగిలి క్యాన్సర్ గురించి 1950ల్లోనే వైద్య పత్రికల్లో వచ్చింది. 1971లో పిండ్‌బోర్గ్, మెహతా బృందం శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది నోళ్లు పరీక్షించి రాసిన వ్యాసం ప్రపంచమంతా చదివింది. చోటు సరిపోయింది, అలవాటు ముందు, జబ్బు తర్వాత అన్న వరస సరిపోయింది, కాల్చనివాళ్లలో దాదాపు లేదు. ఇవన్నీ కుదిరితే తప్ప కారణం అనే మాట వాడకూడదు. మానేస్తే చాలామందిలో ఆ తెల్లమచ్చలు తగ్గుముఖం పడతాయి, కాబట్టి "ఈ వయసులో మానేసి ఏం లాభం" అనే అమ్మమ్మకు జవాబు ఉంది. మానని పుండు, గడ్డ కనిపిస్తే అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఊళ్లోనే ఉంది.

ఇంతకంటే కష్టమైన ప్రశ్న విశాఖ పోర్టు చుట్టుపక్కల ఉండే వన్‌టౌన్, జ్ఞానాపురం, మల్కాపురం జనం అడిగేది: "మా బాబుకి ఆయాసం పోర్టు దుమ్ము వల్లేనా?" కిటికీ చువ్వ మీద వేలితో రాస్తే నల్లగా అంటుకునే ఆ పొడి అందరికీ కనిపిస్తుంది. కంటికి కనిపించే ఆ రేణువుల్లో ఎక్కువ భాగం ముక్కు, గొంతు దగ్గరే ఆగిపోతాయి, లోతుగా ఊపిరితిత్తుల్లోకి దిగేది కంటికి కనపడని 2.5 మైక్రాన్ల లోపు ధూళి. విశాఖ చుట్టూ కొండలుండటంతో చలికాలం రాత్రుళ్లు గాలి కదలక అది కిందే నిలిచిపోతుంది. గాలి చెడితే ఆస్తమా ఉన్నవాళ్లకు ఎక్కువవుతుందన్నది గట్టిగా రుజువైన విషయం, వీధి మొత్తం మీద చూస్తే ఆయాసం కేసులు పెంచుతుందనీ చెప్పొచ్చు. ఒక్క పిల్లవాడి విషయంలో ఇదే కారణమని వేలెత్తి చూపడం మాత్రం కుదరదు, అదే పిల్లవాడికి వంశం, ఇంట్లో దోమల చుట్టల పొగ, గోడ చెమ్మ, పరుపులో దుమ్ము పురుగులు, నాన్న సిగరెట్టు అన్నీ కలిసి పనిచేస్తుంటాయి.

చేయగలిగింది ఒకటుంది. ఒక నోటు పుస్తకంలో రోజూ తేదీ వేసి, రాత్రి దగ్గు ఉందా, పిల్లికూతలు వచ్చాయా, ఇన్‌హేలర్ ఎన్నిసార్లు వాడారు, ఆ రోజు కిటికీలో దుమ్ము ఎలా ఉంది, గాలి ఎటునుంచి వీచింది అని రాయడం. సెలవులకు ఊరెళ్లినప్పుడు కూడా ఆపకుండా రాయాలి, తేడా తెలిసేది అక్కడే. రెండు మూడు నెలల పుస్తకం ఉంటే డాక్టర్‌కు మందు మోతాదు మార్చడం తేలికవుతుంది. ఒకే వీధిలో పాతిక ఇళ్ల పుస్తకాలు పక్కపక్కన పెట్టి, కాలుష్య నియంత్రణ మండలి అదే తేదీలకు నమోదు చేసిన గాలి లెక్కలతో పోల్చితే, కార్పొరేషన్‌కూ పోర్టుకూ ఇచ్చే అర్జీలో "మాకు ఆయాసం వస్తోంది" అనే మాట పక్కన ఏ రోజున ఎందరికి వచ్చిందో కూడా రాయొచ్చు.